కాళ్ళకు రక్తం అందడం లేదా? ఎంఆర్ యాంజియోగ్రామ్ ఎప్పుడు తీయించాలి, ఎలా సిద్ధం కావాలి, రిపోర్టులో ఏం చూడాలి

డాక్టర్ చీటీలో ‘కాళ్ళకు ఎంఆర్ఐ’ అని రాశారనుకోండి. వెంటనే డబ్బులు పోగేసుకుని స్కాన్ సెంటర్‌కి బయల్దేరకండి, ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఎముకలు, కండరాలు చూడ్డానికా, నడుములో నరాలు నొక్కుకుపోయాయేమో చూడ్డానికా, లేక రక్తనాళాలు చూడ్డానికా? మెషీన్ ఒకటే అయినా తీసే పద్ధతి వేరు, వచ్చే బొమ్మలు వేరు, బిల్లు కూడా వేరు. మోకాలికి మామూలు ఎంఆర్ఐ తీయించుకుని వచ్చి "కాలికి రక్తం బాగా పారుతోందా సార్" అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఆ బొమ్మల్లో దానికి సమాధానం ఉండదు. రక్తనాళాల కోసం తీసేది ఎంఆర్ యాంజియోగ్రామ్, ఇక్కడ రాసేదంతా దాని గురించే.

నేను కర్నూలులో ఎంఆర్ఐ మెషీన్ దగ్గర పనిచేస్తాను. డాక్టర్ని కాను, మందులు చెప్పను. కానీ టేబుల్ ఎక్కేదాకా వచ్చి వెనక్కి వెళ్ళేవాళ్ళనీ, అవసరం లేకుండానే వచ్చేవాళ్ళనీ, రావాల్సిన టైముకి రానివాళ్ళనీ చూస్తూనే ఉంటాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు: స్కాన్ కోసం ఆగకూడని పరిస్థితి

నిన్నటిదాకా బాగున్న కాలు ఉన్నట్టుండి విపరీతంగా నొప్పి పెట్టి, పాలిపోయి, చల్లబడి, స్పర్శ తగ్గి, వేళ్ళు కదపలేకపోతే అది ఎమర్జెన్సీ. గుండెలోనుంచో పైనుంచో రక్తం గడ్డ వచ్చి నాళంలో ఇరుక్కుని ఉండొచ్చు. సాధారణంగా 6 గంటల్లోపు రక్తం తిరిగి పారకపోతే కండరాలు, నరాలు ఇక కోలుకోలేనంతగా దెబ్బతినే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు "రేపు పొద్దున్నే ఎంఆర్ఐకి అపాయింట్‌మెంట్ ఉంది" అని ఇంట్లో కూర్చోకూడదు. 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్ళండి, ఏ స్కాన్ కావాలో వాళ్ళే తేలుస్తారు. కాలికి కాపడం పెట్టొద్దు, నూనె రాసి గట్టిగా మర్దన చేయొద్దు.

ఇక కింద చెప్పేదంతా మెల్లగా, నెలలూ సంవత్సరాల తరబడి రక్తం తగ్గుతూ వచ్చిన కాళ్ళ గురించి.

మొదటి మెట్టు: ఇది రక్తం అందని నొప్పేనా?

"నడుస్తాంటే పిక్కలు పట్టుకుంటాండాయి సార్, రవ్వంతసేపు నిలబడితే పోతాది." మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళు చెప్పే ఈ ఒక్క వాక్యంలోనే సగం రోగ నిర్ధారణ ఉంది. సి.క్యాంప్ రైతుబజార్‌కి నడిచి వెళ్ళే మనిషి రోజూ దాదాపు అదే చోట ఆగిపోతాడు, ఏదో అంగడి చూస్తున్నట్టు రెండు మూడు నిమిషాలు నిలబడతాడు, నొప్పి తగ్గగానే మళ్ళీ కదులుతాడు. నడిస్తే కండరానికి రక్తం ఎక్కువ కావాలి, సన్నబడిన నాళం అంత ఇవ్వలేదు, అందుకే పట్టేస్తుంది. ఆగితే అవసరం తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. నాళం మోకాలి పైన మూసుకుపోతే పిక్కలో, ఇంకా పైన పొత్తికడుపు దగ్గర మూసుకుపోతే తొడలో, పిరుదులో కూడా నొప్పి వస్తుంది.

నడుము నరాల నొప్పి చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ తేడా ఉంది. వాళ్ళకి ఊరికే నిలబడ్డా కాళ్ళు లాగుతాయి, నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. సైకిల్ తొక్కమంటే హాయిగా తొక్కుతారు. వాళ్ళకు కావాల్సింది నడుము ఎంఆర్ఐ. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్ళకి మంటలు, తిమ్మిర్లు, చీమలు పాకినట్టు ఉంటుంది, నడకతో దానికి సంబంధం ఉండదు. కాళ్ళ మీద సిరలు ఉబ్బి, సాయంత్రానికి కాళ్ళు బరువెక్కి వాచేది చెడు రక్తం వెనక్కి పోయే సిరల సమస్య, దానికి డాప్లర్ (రక్తం పారడాన్ని చూసే అల్ట్రాసౌండ్ స్కాన్) చాలు.

రక్తం అందని జబ్బు ముదిరితే నొప్పి నడిచేటప్పుడే కాదు, ఊరికే ఉన్నా వస్తుంది. రాత్రి పడుకుంటే పాదం పోటు పెడుతుంది, మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తే కాస్త తగ్గుతుంది. పాదం మీద పుండు వారాల తరబడి మానదు. వేలు నల్లబడుతుంది. ఇక్కడొక చిక్కుంది, షుగర్ ఉన్నవాళ్ళకి నరాలు మొద్దుబారి ఉంటాయి కాబట్టి నడిస్తే వచ్చే నొప్పి తెలియకుండానే నేరుగా పుండు దశలో బయటపడొచ్చు. మన ఎండాకాలంలో చెప్పుల్లేకుండా చేనిగట్టు మీదో గుడి ప్రాంగణంలోనో నడిచి, కాలిన సంగతి కూడా తెలియక బొబ్బలతో వచ్చేవాళ్ళు ఉంటారు. ఆ బొబ్బ మానకపోతే నొప్పి లేదని ఊరుకోవద్దు.

బీడీ సంగతి కూడా చెప్పాలి. నలభై ఐదు దాటని మగవాళ్ళకి, షుగర్ కొలెస్ట్రాల్ ఏమీ లేకుండా, బీడీలు సిగరెట్లు బాగా తాగేవాళ్ళకి పిక్క కింద, పాదాల్లో ఉండే చిన్న నాళాలు వాచి మూసుకుపోయే జబ్బు ఒకటుంది, బర్జర్ జబ్బు అంటారు. దానికి అసలు మందు పొగ పూర్తిగా మానడమే. రోజుకి రెండే తాగుతున్నాను అంటే కుదరదు.

రెండో మెట్టు: చవకైన పరీక్షలు ముందు

ఎంఆర్ యాంజియోగ్రామ్ జబ్బు ఉందా లేదా అని తేల్చే మొదటి పరీక్ష కాదు. జబ్బు ఉందని తెలిశాక, ఏదో ఒకటి చేయాలని అనుకున్నాక, ఎక్కడ చేయాలో చూపించే పటం. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలామందికి డబ్బు మిగులుతుంది.

డాక్టర్ మొదట చేత్తోనే చూస్తారు: గజ్జలో, మోకాలి వెనక, చీలమండ లోపలివైపు, పాదం పైన నాడి కొట్టుకుంటోందా లేదా. తర్వాత బీపీ పట్టీ, చిన్న డాప్లర్ పెన్నుతో చీలమండ దగ్గర బీపీ చూసి చేతి బీపీతో భాగిస్తారు. దీన్ని ఏబీఐ అంటారు. చేతిలో 150, చీలమండ దగ్గర 90 వస్తే 90ని 150తో భాగిస్తే 0.6. మామూలుగా 1.0 నుంచి 1.4 మధ్య ఉండాలి, 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే నాళాలు సన్నబడ్డట్టే. 1.4 దాటితే సంతోషపడకండి. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి నాళాల గోడల్లో సున్నం పేరుకుని పట్టీ ఎంత నొక్కినా నొక్కుకోవు, అందుకే అంకె అబద్ధంగా పెరుగుతుంది. అలాంటప్పుడు కాలి బొటనవేలి దగ్గర బీపీ చూసి చేతి బీపీతో భాగిస్తారు, అది 0.7 లేదా అంతకంటే తక్కువ వస్తే తేడా ఉన్నట్టు.

ఆ తర్వాత డాప్లర్ స్కాన్. సూది లేదు, కిడ్నీ భయం లేదు, చేసేవాళ్ళకి ఓపిక, అనుభవం ఉంటే బోలెడంత చెబుతుంది. నడక నొప్పి మాత్రమే ఉండి, మందులు, నడక వ్యాయామంతో చూద్దామని డాక్టర్ అనుకుంటే ఇక్కడితో ఆగిపోవచ్చు. ఆపరేషనో, బెలూన్ వేయడమో (సన్నబడిన నాళంలో బెలూన్ ఉబ్బించి తెరవడం) ఆలోచిస్తున్నారంటేనే ముందుకి.

మూడో మెట్టు: ఎంఆరా, సీటీనా?

సీటీ యాంజియో త్వరగా అయిపోతుంది, ఎక్కువ చోట్ల దొరుకుతుంది, ఇంతకుముందు వేసిన స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) లోపల కూడా ఓ మోస్తరుగా కనిపిస్తుంది. కానీ ఎక్స్‌రే కిరణాలు, అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు (నాళాలు బొమ్మలో కనిపించడానికి సూదితో ఎక్కించేది) రెండూ తప్పవు. పిక్కలోని సన్నటి నాళాల్లో సున్నం బాగా పేరుకున్నవాళ్ళకి ఆ సున్నం తెల్లగా మెరిసిపోయి లోపల దారి ఉందో లేదో తెలియనివ్వదు.

ఎంఆర్‌లో సున్నం అసలు అడ్డు రాదు. అందుకే ఏళ్ళ తరబడి షుగర్ ఉన్న కాళ్ళకి, మోకాలి కింద ఏం జరుగుతోందో తెలియాలంటే నా ఓటు ఎంఆర్‌కే. అయితే లోపాలు లేవని కాదు: సన్నబడిన చోట ఉన్నదానికంటే ఎక్కువ సన్నబడినట్టు చూపించే అలవాటు దీనికి ఉంది, లోహపు స్టెంట్ ఉన్న చోట నల్లటి ఖాళీ కనిపిస్తుంది, టైము ఎక్కువ పడుతుంది. గజ్జలో గొట్టం వేసి తీసే పాతకాలపు యాంజియోగ్రామ్ ఇప్పటికీ అన్నిటికన్నా స్పష్టం, కానీ దాన్ని ఎక్కువగా బెలూన్ వేసే రోజుకే, టేబుల్ మీదే తీస్తారు.

నాలుగో మెట్టు: చీటీ సరిగ్గా రాయించుకోవడం

చీటీలో ఉండాల్సింది ఇది: పొత్తికడుపు పెద్ద ధమని నుంచి రెండు కాళ్ళ పాదాల దాకా ఎంఆర్ యాంజియోగ్రామ్. ఒక కాలే నొప్పి అయినా రెండూ తీస్తారు, పై నుంచి తీస్తారు, ఎందుకంటే పిక్కలో నొప్పికి కారణం బొడ్డు దగ్గర ఉండొచ్చు. ఏ కాలు ఎక్కువ బాధ పెడుతోంది, పుండు ఎక్కడ ఉంది, ఏబీఐ ఎంత, ఇంతకుముందు స్టెంట్ గానీ బైపాస్ గానీ జరిగిందా అన్నది కూడా రెండు లైన్లు రాయించండి. పుండు ఉందని మాకు తెలియడం చాలా ముఖ్యం. పుండు, చీము ఉన్న పాదంలో రక్తం గిర్రున తిరిగి సిరల్లోకి వచ్చేస్తుంది, ధమనుల మీద సిరలు పడి బొమ్మ అలికినట్టు అవుతుంది. ముందే తెలిస్తే పిక్క, పాదం భాగాన్ని కొద్దిపాటి కాంట్రాస్ట్‌తో మొదట విడిగా తీసుకుంటాం.

ఫోన్ చేసి మీ సెంటర్‌లో కాళ్ళ యాంజియోగ్రామ్ తీస్తారా అని అడగండి, "ఎంఆర్ఐ ఉందా" అని కాదు. మెషీన్ ఉన్న ప్రతిచోటా టేబుల్ జరుపుతూ పొత్తికడుపు, తొడ, పిక్క అని మూడు విడతలుగా తీసే ఏర్పాటు ఉండకపోవచ్చు. మెషీన్ అయస్కాంత బలం 1.5 టెస్లా గానీ 3 టెస్లా గానీ అయితే సరిపోతుంది. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్ళు చికిత్స ఆ పథకం కింద చేయించుకోవాలనుకుంటే, బయట సొంత డబ్బుతో స్కాన్ తీయించే ముందే ఆసుపత్రిలోని హెల్ప్ డెస్క్‌లో అడిగి వెళ్ళండి. తర్వాత అడిగితే ఉపయోగం ఉండకపోవచ్చు.

ఐదో మెట్టు: కిడ్నీ లెక్క

ఎంఆర్‌లో ఇచ్చే కాంట్రాస్ట్‌లో గాడోలినియం ఉంటుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి పాతరకం గాడోలినియం మందులతో చర్మం, లోపలి కణజాలం గట్టిపడిపోయే జబ్బు వస్తోందని 2006లో బయటపడింది. ఇప్పుడు వాడే గాడోబ్యూట్రాల్, గాడోటెరేట్ లాంటివాటితో ఆ ప్రమాదం చాలా చాలా తక్కువ. అయినా ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 30 కన్నా తక్కువ ఉంటే డాక్టర్, రేడియాలజిస్ట్ మాట్లాడుకునే నిర్ణయించాలి.

రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి ధైర్యపడొద్దు, వయసు, ఆడా మగా అన్నది కూడా లెక్కేసి దాన్నుంచే ఈజీఎఫ్ఆర్ కడతారు. క్రియాటినిన్ 1.6 ఉన్న పాతికేళ్ళ కుర్రాడికి ఈజీఎఫ్ఆర్ 60 దగ్గర వస్తుంది, అదే 1.6 ఉన్న డెబ్బై ఏళ్ళ జేజికి 35 దాకానే వస్తుంది. ఈ మధ్యే చేయించిన రిపోర్టు తెండి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళయితే స్కాన్ తర్వాత వెంటనే డయాలసిస్ పడేలా రోజు చూసుకోవడం మామూలు. కాంట్రాస్ట్ అసలే లేకుండా రక్తప్రవాహాన్ని బట్టే తీసే పద్ధతులు కూడా ఉన్నాయి, అందులో క్యూఐఎస్ఎస్ అనేది కాళ్ళకి బాగా పనికొస్తుంది, అన్ని మెషీన్లలో ఉండదు, కిడ్నీ సమస్య ఉంటే తప్పక అడగండి. గర్భిణులైతే ముందే చెప్పండి, వాళ్ళకి గాడోలినియం తప్పనిసరైతే తప్ప ఇవ్వరు.

ఆరో మెట్టు: ఒంటి మీద లోహం

ఇక్కడే మాకు ఎక్కువ టైము పోతుంది. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు, అది కరెంటు పోయినా ఆగదు, రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో రోగి కోసం ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎంఆర్ఐ గదిలోకి వెళ్ళిన బంధువు ప్రాణమే పోయింది. కాబట్టి తోడొచ్చినవాళ్ళు కూడా మేము రమ్మనేదాకా గడప దాటొద్దు.

కాళ్ళ స్కాన్‌కి మెట్టెలు, పట్టీలు తప్పక తీయాలి. వెండి అయస్కాంతానికి అతుక్కోదు కానీ బొమ్మని పాడుచేస్తుంది, వేడెక్కొచ్చు, పైగా అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసు. ముప్పై ఏళ్ళుగా వేలికి ఉన్న మెట్టె పాదం వాచినప్పుడు రమ్మంటే రాదు. ముందురోజు రాత్రే ఇంట్లో కాలు కాసేపు ఎత్తులో పెట్టి, సబ్బు నీళ్ళతో మెల్లగా తీయండి. అసలే రక్తం అందని వేలు అది, చర్మం చీరుకుంటే మానడం కష్టం, రాకపోతే లాగొద్దు, కత్తిరించడం తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. పుస్తెలు, నల్లపూసలు, మొలతాడు, తాయత్తు, జడపిన్నులు, కట్టుడు పళ్ళు, వినికిడి మెషీన్ అన్నీ ఇంట్లోవాళ్ళ చేతికి ఇచ్చేయాలి. పుస్తెలు తీయడానికి అమ్మలు బాధపడతారు, అప్పటికి పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకుని రమ్మని చెబుతుంటాను, దానితో ఏ ఇబ్బందీ లేదు.

ఒంటి లోపల ఉన్నవి ఇంకా ముఖ్యం. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో ఇంప్లాంట్ ఉంటే అది పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు లేకుండా రావద్దు. వెల్డింగ్, గ్రైండింగ్ పని చేసినవాళ్ళు కంట్లో ఇనుప రజను ఎప్పుడైనా పడిందేమో చెప్పాలి. బైక్ యాక్సిడెంట్ తర్వాత వేసిన రాడ్లు, మార్చిన మోకాలు చాలావరకు ప్రమాదం కాదు కానీ ఆ చుట్టూ బొమ్మ చెడిపోతుంది, ముందే చెప్పండి. షుగర్ చూసుకునే స్టిక్కర్ సెన్సార్, ఇన్సులిన్ పంపు బయటే ఉండాలి.

ఏడో మెట్టు: స్కాన్ రోజు

ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండాలో సెంటర్ వాళ్ళు చెబుతారు, చాలాచోట్ల 4 గంటలు. ఇన్సులిన్ వేసుకుని తినకుండా వచ్చి మా దగ్గర చెమటలు పట్టి పడిపోవద్దు. ఆ పూట డోసు సంగతి డాక్టర్‌ని అడగండి, పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోండి.

రాత్రి నొప్పి ఉన్నవాళ్ళకి అసలు పరీక్ష వెల్లకిలా కాళ్ళు చాపి పడుకోవడమే. మొత్తం అరగంట నుంచి గంట పట్టొచ్చు. పడుకోగానే పోటు మొదలవుతుందని తెలిస్తే, ఒక గంట ముందు ఏ నొప్పి మాత్ర వేసుకోవాలో డాక్టర్ దగ్గర రాయించుకోండి. కదలకూడదు అని ఊరికే అనం. కాంట్రాస్ట్ ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి బొమ్మ తీసి, రెండోదాంట్లోంచి మొదటిది తీసివేస్తే మిగిలేది రక్తనాళాలే. మధ్యలో కాలు కాస్త జరిగినా ఆ తీసివేత లెక్క తప్పుతుంది. మందు సిరల్లోకి చేరకముందు ధమనుల్లో మాత్రమే ఉండేది కొన్ని క్షణాలే కాబట్టి మళ్ళీ తీద్దాంలే అనుకోవడానికి ఉండదు.

ఎక్కువగా కాళ్ళు ముందు లోపలికి వెళ్తాయి. పొత్తికడుపు భాగం తీసేటప్పుడు 15-20 సెకన్లు ఊపిరి బిగపట్టమంటాం, ఇంట్లో రెండుమూడుసార్లు అలవాటు చేసుకుని రండి. చప్పుడు గట్టిగా ఉంటుంది, చెవులకి దూది లేదా హెడ్‌ఫోన్ ఇస్తారు. చేతిలో బెల్లు ఉంటుంది, టెన్షన్ వస్తే నొక్కండి, అందుకే ఇచ్చేది. ఏసీ చలి ఎక్కువ, దుప్పటి అడగడానికి మొహమాటపడొద్దు.

ఎనిమిదో మెట్టు: రిపోర్టు చదవడం

కె.సి. కాలువని తలుచుకోండి. సుంకేసుల దగ్గర నీళ్ళు వదిలితే పై భూములు దాటి చివరి ఆయకట్టుకి చేరాలి. పైన గేటు దిగితే కిందంతా ఎండుతుంది, నడుమ ఎక్కడో పూడిక పడితే పిల్లకాలువల గుండా చుట్టూ తిరిగి కొన్ని నీళ్ళు మళ్ళీ కాలువలో కలుస్తాయి. రిపోర్టు కూడా ఇదే వరుసలో, పై నుంచి కిందికి చదవండి.

మొదట పొత్తికడుపులో పెద్ద ధమని అయోర్టా, తర్వాత అది రెండుగా చీలిన ఇలియాక్, తర్వాత తొడలో ఫిమోరల్, మోకాలి వెనక పాప్లిటియల్, అక్కడి నుంచి పాదానికి వెళ్ళే మూడు: యాంటీరియర్ టిబియల్, పోస్టీరియర్ టిబియల్, పెరోనియల్. ప్రతి దానికీ మూడే ప్రశ్నలు వేసుకోండి: తెరిచి ఉందా, స్టెనోసిస్ ఉందా అంటే సన్నబడిందా, అక్లూజన్ అంటే పూర్తిగా మూసుకుపోయిందా. సన్నబడడం 50 శాతంలోపు ఉంటే సాధారణంగా దాన్నే నొప్పికి కారణం అనరు. మూసుకుపోతే ఎంత పొడవు అన్నది చూడండి, చిన్న ముక్క అయితే బెలూన్‌తో తెరవడం తేలిక, తొడ పొడవునా పోతే బైపాస్ మాట రావచ్చు. తొడ కింది భాగంలో, మోకాలికి కొద్దిగా పైన మూసుకుపోవడం బాగా కనిపించే చోటు.

కొలాటరల్స్ అని రాస్తే అవే పక్కదారులు, శరీరం తనే చేసుకున్నవి. ‘రీఫార్మేషన్’ అన్నచోట కింద నాళం మళ్ళీ నిండుతోందని. ‘రన్-ఆఫ్’ అంటే పిక్కలోని మూడింటిలో ఎన్ని పాదం దాకా పారుతున్నాయి అని. పైన ఎంత తెరిచినా కింద ఒక్కటైనా పాదం దాకా లేకపోతే పుండు మానడం కష్టం కాబట్టి సర్జన్ అన్నిటికంటే ముందు చూసేది ఈ లైనే.

స్టెంట్ ఉన్న చోట ‘సిగ్నల్ లేదు’ అని రాస్తే మూసుకుపోయిందని ఏడవకండి. పైనా కిందా రక్తం బాగుంటే అది లోహం చేసిన నీడే కావచ్చు, డాప్లర్‌తో తేల్చుకోవచ్చు. ఇంకో విషయం, రిపోర్టులో ఘోరంగా ఉండి మనిషి కిలోమీటరు నడుస్తున్నాడంటే కంగారుగా ఆపరేషన్‌కి పరిగెత్తక్కర్లేదు. బొమ్మకి కాదు వైద్యం, కాలికి.

తర్వాత ఎవరి దగ్గరికి

వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టర్ దగ్గరికి. కర్నూలు వాళ్ళు హైదరాబాద్, అనంతపురం వాళ్ళు బెంగళూరు, కడప వాళ్ళు తిరుపతి వెళ్ళడం ఎక్కువ. వెళ్ళేటప్పుడు ఫిల్ములు, కాగితం రిపోర్టు మాత్రమే పట్టుకెళ్తే అక్కడ మళ్ళీ స్కాన్ తీయమనే అవకాశం ఉంది. డైకామ్ ఫైళ్ళు (స్కాన్ అసలు బొమ్మలు) ఉన్న సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ అడిగి తీసుకోండి, వెళ్ళే ముందు ఇంట్లోనో నెట్ సెంటర్‌లోనో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.

నడక నొప్పి మాత్రమే ఉన్నవాళ్ళకి చాలావరకు మొదట చెప్పేవి పొగ మానడం, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, షుగర్ బీపీ అదుపు, నడక. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్ళీ నడుస్తూ 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, కనీసం 12 వారాలు. నడిస్తే కాలు పాడవుతుందని కూర్చోబెట్టేస్తారు ఇంట్లోవాళ్ళు, ఇక్కడ అది తిరగబడిన ప్రేమ. పుండు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పకుండా ఈ నడక మొదలుపెట్టొద్దు.

బెలూన్, స్టెంట్, బైపాస్ అయ్యాక ప్రతి ఆరు నెలలకీ ఎంఆర్ తీయించుకోవాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు, మామూలుగా ఏబీఐ, డాప్లర్‌తోనే చూస్తూ ఉంటారు. నొప్పి తిరగబెట్టినా, పుండు మళ్ళీ వచ్చినా, ఏబీఐ పడిపోయినా అప్పుడు ఆలోచిస్తారు. స్టెంట్ వేస్తే డిశ్చార్జ్ కాగితాలతో వచ్చే స్టెంట్ కార్డుని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి, తర్వాత ఒంట్లో ఏ భాగానికి ఎంఆర్ఐ తీయాలన్నా మేము మొదట అడిగేది అదే.